స్టడీ అవర్లో మమ్మల్ని మాట్లాడనివ్వండి

మన హాస్టల్లో సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా స్టడీ అవర్. ఆ రెండున్నర గంటలూ ఎవరి పుస్తకం వారిది, ఎవరి మౌనం వారిది. నోరు విప్పితే లీడర్ పేరు రాసుకుంటాడు. ఈ నియమం చెడ్డదని మేము అనడం లేదు. అంతమంది ఒకే హాలులో కూర్చున్నప్పుడు నియమం లేకపోతే అది సంత అవుతుంది. కానీ ఇంటర్ రెండో సంవత్సరం కెమిస్ట్రీ నోరు మూసుకుని కూర్చుంటే వచ్చే చదువు కాదని, ముఖ్యంగా మనబోటి వాళ్ళకు రాదని మా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి కారణాలు ఈ సంచికలో నాలుగు మాటల్లో చెప్పాలనుకున్నాం.

మేము అంటే పదకొండు మందిమి. ఆరుగురు ఎం.పి.సి., నలుగురు బై.పి.సి., ఒకతను సి.ఇ.సి. దసరా సెలవుల తరువాత నుంచి రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ హాలులో పళ్ళేలు తీసేసిన చోట చాపలు వేసుకుని కూర్చుంటున్నాం. వార్డెన్ సార్ పదిన్నర వరకు అనుమతి ఇచ్చారు. ఫిజిక్సు, కెమిస్ట్రీ రెండు గ్రూపులకూ ఉన్నవే. అయినా కెమిస్ట్రీలోనే ఒకరి అవసరం ఒకరికి ఎక్కువ. రసాయన గతిశాస్త్రంలో లాగరిథమ్ వచ్చేసరికి బై.పి.సి. వాళ్ళకు చెమటలు పడతాయి. జీవాణువుల పాఠంలో అమైనో ఆమ్లాలు, కేంద్రక ఆమ్లాలు వచ్చేసరికి ఎం.పి.సి. వాళ్ళు ముఖాలు చూసుకుంటారు. ఒకరికి ఉన్నది ఇంకొకరికి లేదు. అందుకని ఇక్కడ ఎవరూ ఎవరికీ ఉపకారం చేసినట్టు కాదు.

మరి సి.ఇ.సి. అబ్బాయికి ఏం పని అని చాలామంది నవ్వారు. అతని పని పుస్తకం పట్టుకుని కూర్చోవడం. మేము చెబుతుంటే అతను పుస్తకంలో చూసి, తనకు అర్థం కానప్పుడల్లా "అంటే?" అని అడుగుతాడు. ఈ "అంటే?" అనే మాట దెబ్బకు మాలో బాగా చదివేవాళ్ళు కూడా ఆగిపోయిన సందర్భాలు కోకొల్లలు. "ద్రావణి బాష్పపీడనం తగ్గుతుంది" అని గడగడా అప్పజెప్పడం వేరు, ఎందుకు తగ్గుతుందో కామర్స్ చదివే స్నేహితునికి చెప్పడం వేరు.

ఒక రాత్రి జరిగింది రాస్తాం. వంటచేసే అక్క గుండిగలో నీళ్ళు పెట్టి గుప్పెళ్ళతో ఉప్పు వేస్తోంది. ఉప్పు వేస్తే నీళ్ళు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుందని పాఠంలో ఉంది కదా, ఎంత పెరుగుతుందో లెక్క కట్టండి అని సి.ఇ.సి. అబ్బాయి పందెం వేశాడు. నీళ్ళు 10 లీటర్లు, ఉప్పు 100 గ్రాములు అనుకున్నాం. ఉప్పు అణుభారం 58.5. అంటే దాదాపు 1.71 మోల్‌లు. 10 కిలోల నీటికి గనుక మొలాలిటీ 0.171. నీటి స్థిరాంకం 0.52తో గుణిస్తే 0.09 డిగ్రీ వచ్చింది. అందరం సరే అన్నాం. అప్పుడు బై.పి.సి. చదివే తమ్ముడొకడు, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇక్కడ ఇంగ్లీషు మీడియంలో చేరినవాడు, ఎప్పుడూ వెనక కూర్చునేవాడు, నెమ్మదిగా "ఉప్పు నీళ్ళలో రెండు ముక్కలవుతుంది గదన్నా" అన్నాడు. సోడియం అయానొకటి, క్లోరైడ్ అయానొకటి. కనుక రెండుతో గుణించాలి. జవాబు 0.18 డిగ్రీ. వాంట్ హాఫ్ గుణకం అంటే ఏమిటో ఆ రాత్రి అక్కడున్న ఎవరమూ మళ్ళీ బట్టీ పట్టవలసిన పని లేకపోయింది. అక్కకు మాత్రం లెక్క నచ్చలేదు. ఇంత సేపు కూర్చుని తేల్చింది డిగ్రీలో ఐదో వంతు కూడా కాదా అంది.

ఆ తమ్ముడు క్లాసులో ఎన్నడూ నోరు తెరవలేదు. తెలియక కాదు. సాల్యూట్, సాల్వెంట్, సొల్యూషన్ అనే మూడు మాటలు ఒకేలా వినిపిస్తాయి, తప్పు పలికితే నవ్వుతారని భయం. చాప మీద ఆ భయం లేదు. ఇక్కడ ముందు తెలుగులో అర్థం చేసుకుంటాం, ద్రావితం, ద్రావణి, ద్రావణం అనుకుంటాం, ఆ తరువాత పరీక్షలో రాయవలసిన ఇంగ్లీషు మాట నేర్చుకుంటాం. మౌనంగా ఉండే స్టడీ అవర్ ఇలాంటి వాళ్ళకు చేసే మేలు ఏమిటో మాకు తెలియజెప్పాలి. తెలియనిది తెలియనట్టే ఉండిపోతుంది, పైగా క్రమశిక్షణగా ఉన్నాడని పేరు వస్తుంది!

కొందరు అన్నలు మాకు ఇచ్చే సలహా ఇంకొకటి. అంతా ఎందుకు, చిన్న ప్రశ్నలు బట్టీ కొట్టండి, పాసైపోతారు అని. 2025 మార్చిలో మన సీనియర్లు రాసిన కెమిస్ట్రీ పేపరు 60 మార్కులది. రెండు మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఎనిమిదిలో ఆరు, ఎనిమిది మార్కులవి మూడింటిలో రెండు. పాసు కావడానికి 21 కావాలి. బట్టీ కొట్టిన పది ప్రశ్నలకూ పూర్తి మార్కులు పడినా వచ్చేది 20. ఆ ఒక్క మార్కు కోసమైనా ఏదో ఒక పాఠం అర్థం చేసుకోక తప్పదు కదా!

మాలో ఇద్దరికి మొదటి సంవత్సరం కెమిస్ట్రీ ఇంకా మిగిలే ఉంది. ఫంక్షన్లకు వచ్చే పెద్దలు యల్లాప్రగడ సుబ్బారావు గారు (1895-1948) మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాసు కాలేదని, అయినా అంత గొప్ప శాస్త్రవేత్త అయ్యారని చెబుతుంటారు. అది నిజమే, వినడానికి బాగుంటుంది కూడా. కానీ తప్పినవాడికి ఆ కథ కంటే, పక్కన కూర్చుని మోల్ లెక్క మళ్ళీ మొదటి నుంచి చెప్పే మనిషి ఎక్కువ అవసరం.

ఈ విషయం మా లెక్చరర్ గారితో అంటే ఆయన ఒక సంగతి చెప్పారు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో యూరీ ట్రైస్మన్ అనే ఆయన 1970లలో గణితం క్లాసులను పరిశీలించారు. నల్లజాతి విద్యార్థులు చాలామంది కాల్‌క్యులస్‌లో తప్పుతున్నారు. వాళ్ళకు శ్రద్ధ లేదని, ఇంట్లో ప్రోత్సాహం లేదని అందరూ అనుకునేవారు. ఆయన విద్యార్థుల గదులకు వెళ్ళి వాళ్ళు చదివే తీరు చూశారు. శ్రద్ధకు కొరత లేదు. కానీ చాలావరకు ఒంటరిగా చదువుతున్నారు. బాగా మార్కులు తెచ్చుకుంటున్న చైనా సంతతి విద్యార్థులు మాత్రం ఒకచోట చేరి, ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటూ చదువుతున్నారు. అప్పుడాయన కష్టమైన లెక్కలు ఇచ్చి అందరూ కలిసి చేసే తరగతులు పెట్టించారు, ఫలితాలు మారాయి. మా గురించి కూడా శ్రద్ధ లేదనే మాటే ఎక్కువగా వింటుంటాం గనుక ఈ సంగతి మాకు గుర్తుండిపోయింది.

కలిసి చదివితే కబుర్లే ఎక్కువ అన్నారు. కొంత నిజమే, క్రికెట్ ఉన్న రోజున చాప సగం ఖాళీ. తెలియని వాడు తెలియని వాడికి తప్పు నేర్పుతాడన్నారు. అందుకే ఒక నోటు పుస్తకం పెట్టాం. వాదన తేలకపోతే ముందు పాఠ్యపుస్తకం చూడాలి, అక్కడా తేలకపోతే నోటులో రాసి మర్నాడు లెక్చరర్ గారిని అడగాలి. గట్టిగా అరిచినవాడి మాట నెగ్గడానికి వీల్లేదు.

ఇక ప్రాక్టికల్స్. అవి 30 మార్కులు. మేము చదివే కాలేజీలో ఒక్కో బల్లకు ఆరుగురం, బ్యూరెట్ ఒక్కటి. ముందు నిలబడినవాడు టైట్రేషన్ చేస్తాడు, మిగతావాళ్ళు రీడింగులు రాసుకుంటారు. అందుకని హాస్టల్లో ఒక ఆట మొదలుపెట్టాం. ఒకడు లవణం. మిగతావాళ్ళు నోటితోనే పరీక్షలు చేయాలి. సిల్వర్ నైట్రేట్ పోశాం అంటే "తెల్లటి అవక్షేపం" అంటాడు. అమోనియం హైడ్రాక్సైడ్ పోశాం అంటే "కరిగిపోయాను" అంటాడు. క్లోరైడ్ అని పట్టుకున్నట్టు. గోధుమరంగు వలయం వస్తే నైట్రేట్. జీనాన్ టెట్రాఫ్లోరైడ్ బల్లపరుపుగా ఎందుకుంటుందో చూడటానికి నాలుగు బంగాళాదుంపలు, చీపురు పుల్లలు, పైనొకటి కిందొకటి పచ్చిమిరపకాయ గుచ్చాం. మిరపకాయలు ఒంటరి ఎలక్ట్రాన్ జంటలు. అవి పైనా కిందా చోటు తీసుకోబట్టి దుంపలు నాలుగూ ఒకే తలంలో ఉండిపోయాయి. మర్నాడు ఆ దుంపలు కుర్మాలోకి పోయాయి. నిజమైన బ్యూరెట్‌కు ఈ ఆటలు బదులు కావు, ఆ సంగతి కాలేజీ వారు ఆలోచించాలి.

వార్డెన్ సార్‌కు, కమిటీ వారికి మేము కోరేది పెద్దది కాదు. స్టడీ అవర్లో మొదటి గంటన్నర ఇప్పటిలాగే మౌనంగా ఉండనివ్వండి. తరువాతి గంట ఇంటర్ వాళ్ళను డైనింగ్ హాలుకు పోయి మాట్లాడుకోనివ్వండి. జూన్‌లో వచ్చే తమ్ముళ్ళకు ఇది మొదటి రోజు నుంచే ఉండాలి, దసరా దాకా ఆగకుండా. ఇప్పుడు నేల మీద సుద్దతో రాస్తున్నాం, పొద్దున తుడిచేసరికి లెక్కలన్నీ పోతున్నాయి. కిటికీ పక్కనున్న గోడ మీద ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు చోటు ఇస్తే చాలు. నల్లరంగు డబ్బాకు డబ్బులు పోగేశాం, బ్రష్ కూడా మేమే తెచ్చుకుంటాం.