ఆగిన యంత్రం ఆపిన యంత్రం కాదు

సంపాదకుల వారికి,

కోబాట్ల మీద, అంటే మనిషితో కలిసి పనిచేసే రోబోల మీద, మీరు వేసిన వ్యాసం చదివాను. చుట్టూ కంచె అక్కర్లేదని, మనిషి పక్కనే పనిచేస్తుందని, తగిలితే దానంతటదే ఆగిపోతుందని రాశారు. నిజమే. కానీ ఆ పక్కన నిలబడే మనిషి ఏ ఊరివాడో, అతనికి ఏ భాషలో చెబితే తలకెక్కుతుందో వ్యాసంలో ఎక్కడా లేదు. అందుకే ఈ ఉత్తరం.

మాది లమ్తపుట్. మా నాన్న మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌లో హెల్పరుగా చేరి అక్కడే రిటైరయ్యారు. 1955లో కరెంటు తీయడం మొదలైన ఆ ప్రాజెక్టు ఆంధ్రది, ఒడిశాది కూడా. షిఫ్టులో తెలుగు, ఒడియా, దేశియా మూడూ వినపడేవి. ఆయన నోట మేం ఎక్కువగా విన్న మాట ‘ఎల్‌సీ’, అంటే లైన్ క్లియర్. ఆపామని సంతకం పెట్టిన ఆ కాగితం చేతికి రానిదే దేన్నీ ముట్టుకోకూడదు. “తిరగట్లేదు కదా అని చెయ్యి పెట్టకురా. ఎవడో ఒకడు ఆపి, ఆపానని సంతకం పెట్టాలి. అప్పుడే అది ఆగినట్టు” అనేవారు. చదువురాని గదబ తెగ ఖలాసీకి కూడా ఆ సంగతి అతని భాషలోనే చెప్పి, మళ్లీ అతని చేత చెప్పించుకునేవారట.

నా మేనల్లుడు ఐటీఐ ఫిట్టరు. రెండేళ్ల కిందట ఇద్దరు పరజా తెగ స్నేహితులతో కలిసి, కాంట్రాక్టరు వెంట దక్షిణాదిన ఒక విడిభాగాల ఫ్యాక్టరీకి వెళ్లాడు. లైన్లో అతని పక్కన కోబాట్ పెట్టారు. మనిషి హద్దులోకొస్తే ఆగడం, బయటికెళ్తే మళ్లీ అందుకోవడం దాని పద్ధతి. ఒకరోజు పక్కవాడు హద్దులో అడుగుపెట్టాడు, అది ఆగింది. ఆఫ్ చేశారనుకుని మావాడు పక్కకు జారిన ముక్క కోసం బల్ల మీదుగా వంగి చెయ్యి చాచాడు. హద్దును కాపలా కాసే సెన్సారు నేల దగ్గర కాళ్లను చూసేది, బల్ల మీదుగా వచ్చిన చేతిని చూడలేదు. పక్కవాడు వెనక్కి జరగగానే యంత్రం కదిలింది. చూపుడువేలు గ్రిప్పర్లో నలిగింది. యంత్రం ఆగి ఉన్నా పసుపు దీపం వెలుగుతుంటే ముట్టకూడదని ముందే నేర్పామన్నారు ఫ్యాక్టరీవాళ్లు. నేర్పింది అరగంట, తమిళంలో, కాస్త హిందీలో. మావాడికి తెలుగు, దేశియా, ఒడియా వచ్చు. తమిళం రాదు, హిందీ అంతంతమాత్రం.

కోబాట్లు వద్దని నేననను. రోజంతా ఒకే స్క్రూ బిగించే మణికట్టు ఎలా అరిగిపోతుందో ఫిట్టరు కుటుంబాలకు ఒకరు చెప్పక్కర్లేదు. అసలు 1990లలో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో కోల్‌గేట్, పెష్కిన్ అనే ఇద్దరు ఆచార్యులు ఈ ఆలోచన చేసినప్పుడు వాళ్ల యంత్రానికి సొంత కదలికే లేదు. తోసేది మనిషి, దారి తప్పకుండా చూసేది యంత్రం. 2008లో డెన్మార్క్‌కు చెందిన యూనివర్సల్ రోబోట్స్ తన తొలి కోబాట్‌ను అమ్మేసరికి కదలిక యంత్రం చేతికొచ్చింది. మన దేశంలో చాకన్‌లోని బజాజ్ ఆటో 2010 నుంచే వీటిని వాడుతోంది. 2016లో వచ్చిన ఐఎస్‌ఓ సాంకేతిక పత్రం శరీరంలో ఏ భాగం ఎంత ఒత్తిడి ఓర్చుకోగలదో పట్టిక కట్టింది. యంత్రం చేతిని ఒక్కదాన్నే కాదు, అది పట్టుకున్న పనిముట్టును, చుట్టూ జరిగే పనిని కూడా కలిపి ప్రమాదం అంచనా కట్టమంది. తగిలితే ఆగే చేతిలో మొనదేలిన ముక్క ఉంటే ఆ మొన మొనే కదా. ఈ మాట పక్కన నిలబడేవాడి చెవిన ఎవరు వేయాలి?

చట్టంలోనే ఒక లోటుండేది. 1948 ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షను ప్రకారం నోటీసులు ఇంగ్లీషులోనూ, కార్మికుల్లో ఎక్కువ మందికి అర్థమయ్యే భాషలోనూ ఉంటే సరిపోయేది. కోరాపుట్, రాయగడ కొండల నుంచి వెళ్లిన పదిమంది ఏ ఫ్యాక్టరీలోనూ ‘ఎక్కువ మంది’ కారు. అదే చట్టంలోని 111ఎ సెక్షను భద్రత గురించి సమాచారం, శిక్షణ పొందే హక్కును ప్రతి కార్మికుడికీ ఇచ్చింది. అర్థంకాని భాషలో ఇచ్చిన శిక్షణ ఆ హక్కును ఎలా తీరుస్తుంది? ఆ చట్టం స్థానంలోకి వృత్తి భద్రత కోడ్ వచ్చింది. దాని కింద రాష్ట్రాలు చేసే నియమాల్లో ఒక్క వాక్యం చేర్చమని నా విన్నపం: కంచె లేని రోబో పక్కన ఎవరినైనా నిలబెట్టే ముందు, కాంట్రాక్టు కార్మికుడైనా సరే, అతనికి అర్థమయ్యే భాషలో నేర్పి, అతని చేత తిరిగి చెప్పించుకుని, చేయించి చూశాకే పనిలో పెట్టాలి. ఈ బాధ్యత కాంట్రాక్టరు మీదికి నెట్టకుండా ఫ్యాక్టరీ యజమాని మీదే ఉంచాలి. మా జిల్లా ఐటీఐలలో కూడా ఒక్కో కోబాట్ పెడితే, పిల్లలు దాన్ని మొదటిసారి చూడటం షిఫ్టు మొదలయ్యాక జరగదు.

మావాడి వేలు మానింది. వచ్చే నెల మళ్లీ వెళ్తానంటున్నాడు. పోయిన ఆదివారం అతన్నీ, ఆ ఇద్దరు స్నేహితుల్నీ మా అరుగు మీద కూర్చోబెట్టి ఏ రంగు దీపానికి ఏమర్థమో దేశియాలో చెప్పాను, ఒక్కొక్కరి చేత రెండేసి సార్లు చెప్పించుకున్నాను. ఫ్యాక్టరీ గేటు లోపల, జీతం లెక్కకొచ్చే పనివేళల్లో జరగాల్సిన పని అది.

ఇట్లు,
మీ పాఠకుడు
లమ్తపుట్, కోరాపుట్ జిల్లా