నాంపల్లిలో ద్వివచనం

నాంపల్లి రైల్వే స్టేషన్ దగ్గర ఎవరినడిగినా యూసుఫైన్ దర్గాకు దారి చెబుతారు. గురువారం సాయంత్రమైతే అడగక్కర్లేదు, జనం వెంట నడిస్తే చాలు. గులాబీ రేకుల బుట్టలు, మడతపెట్టిన చాదర్లు, ఊదుపొగ, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు. వాళ్లలో నమాజు తెలిసినవాళ్లెందరో, బొట్టు పెట్టుకున్నవాళ్లూ అందరే కనిపిస్తారు. లోపల పక్కపక్కనే ఇద్దరి సమాధులు. ఒకరు యూసుఫ్ సాహెబ్, మరొకరు షరీఫ్ సాహెబ్. దర్గా పేరులో మాత్రం షరీఫ్ వినిపించరు.

నిజానికి ఆ పేరులోనే ఆయనా ఉన్నారు. అరబ్బీలో ఏకవచనానికీ బహువచనానికీ నడుమ ద్వివచనం ఉంది. యూసుఫైన్ అంటే యూసుఫులిద్దరు. హసన్, హుసేన్‌లను కలిపి హసనైన్ అన్నట్టే, ఇద్దరిలో ఒకరి పేరు ఇద్దరినీ మోస్తుంది. సంస్కృతం చదివినవారికి ఇది తెలిసిన దారే. 'పితరౌ' అంటే తల్లీ తండ్రీ అని అర్థం. దాన్ని ఏకశేషం అంటారు. అయితే నాంపల్లి జనం వ్యాకరణం చూసుకుని ఈ పేరును మూడు వందల ఏళ్లు నిలబెట్టలేదు. ఒకరిని తలచి రెండోవారిని వదలడం వాళ్ల మనసుకు పట్టలేదు.

ఇద్దరూ ఔరంగజేబు సేనలో సిపాయిలనీ, ఢిల్లీలోని చిష్తీ గురువు షా కలీముల్లా శిష్యులనీ చెబుతారు. 1687లో గోల్కొండ ముట్టడి నెలల తరబడి సాగింది. ఆ రోజుల్లో ఒక రాత్రి గాలివానకు మొగలు దండు గుడారాలన్నీ లేచిపోయాయట. ఒక్క గుడారంలో మాత్రం దీపం ఆరలేదు, ఆ వెలుగులో ఇద్దరు సిపాయిలు కురాను చదువుకుంటున్నారట. చరిత్రకారులు దీన్ని ఎలా తూచినా, కోటను గెలిచిన చక్రవర్తి కన్నా ఆయన కొలువులోని ఇద్దరు మామూలు సిపాయిలే ఈ ఊరికి దగ్గరివాళ్లయ్యారన్నది మాత్రం కళ్లముందున్న సంగతి.

మాలాంటి సాహిత్య పత్రికకు ఈ దర్గాతో మరో బంధుత్వం ఉంది. ఉర్దూ గజల్‌లో ఒక తరాన్ని ఏలిన ఇద్దరు కవులు, అమీర్ మీనాయీ, దాగ్ దెహల్వీ, ఈ ఆవరణలోనే నిద్రిస్తున్నారు. రాంపూర్ దర్బారులో ఇద్దరూ సమఉజ్జీలు. ఎవరు గొప్ప అన్న వాదం శిష్యుల మధ్య చాలాకాలం నడిచింది. అమీర్ 1900లో హైదరాబాద్ వచ్చారు. 'అమీరుల్లుగాత్' అనే మహానిఘంటువు తలపెట్టి, మొదటి అక్షరం మీదే రెండు సంపుటాలు అచ్చువేయించిన పట్టుదల ఆయనది. మిగతా పనికి నిజాం ఆదరణ దొరుకుతుందన్న ఆశతో వచ్చి, కొద్దికాలానికే ఇక్కడ కన్నుమూశారు. దాగ్ అప్పటికే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు కవితాగురువు. ఎర్రకోటలో పెరిగి, 1857లో ఢిల్లీ చెదిరిపోవడం చూసిన మనిషి. 1905లో కన్నుమూశాక ఆయన్నీ ఈ దర్గాకే తెచ్చారు. తన గజళ్లను ఉత్తరాల్లో పంపి దాగ్‌తో దిద్దించుకున్న ఇక్బాల్ ఆయనకు స్మృతిగీతం రాశాడు.

దాగ్‌ను తేలిక కవి అనేవాళ్లున్నారు. మేము ఒప్పుకోం. ఢిల్లీ ఇళ్లలో, వీధుల్లో ఆడే మాటను గజల్‌లోకి అంత నేర్పుగా తెచ్చినవారు అరుదు. వాడుక భాష కోసం గిడుగు పోరాటం ఊపందుకోకముందే మన హైదరాబాద్‌లో కూర్చుని ఆయన ఆ పని చేశారు. సుల్తాన్ బజార్‌లోని తెలుగు గ్రంథాలయం శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైన 1901 నాటికి దాగ్ ఈ ఊళ్లోనే ఉన్నారు. అప్పట్లో ఒకే ఊళ్లో రెండు భాషలు పక్కపక్కనే ఊపిరి పీల్చాయి. ఆబిడ్స్ రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూసిన సురవరం ప్రతాపరెడ్డికి రెండూ సొంతమే. గాలిబ్‌ను తెలుగు చేసిన దాశరథికీ, ఉర్దూ కవులను మనింటి చుట్టాల్లా పరిచయం చేసిన సామల సదాశివకూ అంతే.

పబ్లిక్ గార్డెన్స్‌లోని తెలుగు విశ్వవిద్యాలయంలో పుస్తకావిష్కరణలకు వస్తూనే ఉంటాం. సభ ముగిశాక టీ తాగి ఇళ్లకు పోతాం. కాస్త నడిస్తే చేరేంత దూరంలో ఇద్దరు మహాకవులున్నారన్న ఎరుక మన సభల్లో వినపడదు. ఉర్దూ రానివారికి ఆ సమాధుల మీది రాత చదవడానికీ వీలుండదు. అక్కడ ఇద్దరి పేర్లూ, కాలమూ, రచనలూ తెలుపుతూ తెలుగులో ఒక ఫలకం ఉండాలని దర్గా నిర్వాహకులకూ, విశ్వవిద్యాలయానికీ మా మనవి.

మా వంతు పని మేము మొదలుపెడుతున్నాం. వచ్చే సంచిక నుంచి దాగ్, అమీర్ గజళ్ల అనువాదాలకు రెండు పేజీలు కేటాయిస్తున్నాం. ఇంగ్లీషు మీదుగా వచ్చినవి వద్దు, ఉర్దూ చదివి చేసినవే పంపండి. మూలాన్ని తెలుగు లిపిలో పక్కనే అచ్చువేస్తాం. ఏ సంచికలోనూ ఒక్కరినే వేయం. ఇద్దరి గజళ్లూ ఎదురెదురు పేజీల్లో వస్తాయి.