అత్తయ్య చెవి మిషను, అంబాసిడర్ ఐదో గేరు

పోయిన సంక్రాంతికి మొదలై దసరా దాకా మా ఇంట్లో ఒక తగువు నడిచింది. ఆస్తి గురించి కాదు, పెళ్ళి సంబంధం గురించీ కాదు. గేర్ బాక్సు గురించి. నవ్వకండి, అన్నదమ్ములు నెల రోజులు ఫోన్లు మానేసేంత తగువు.

మామయ్యగారు 1982లో కొన్న తెల్ల అంబాసిడర్, మార్క్ 4, మా దగ్గరే ఉంది. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఇంట్లో వేరే చిన్న కారు ఉన్నా, ఊరికి వెళ్ళేటప్పుడు అంబాసిడరే తీస్తాం, అత్తయ్య కోసం. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక, లోపలికి కూలబడిపోయే సీట్లలోంచి ఆవిడ లేవలేరు. అంబాసిడర్ వెనక సీటు ఎత్తుగా సోఫాలా ఉంటుంది. తలుపు తీస్తే గడప దాటి ఇంట్లోకి వచ్చినట్టు హాయిగా ఎక్కి కూర్చుంటారు.

ఊళ్ళో తిరిగినంతసేపూ బండి బంగారమే. చౌటుప్పల్ దాటి హైవే ఎక్కామా, అప్పుడు మొదలవుతుంది రొద. ఆ బండికి ఉన్నవి నాలుగు గేర్లు. నాలుగోది వేశాక ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే వెనక్కి వెళ్ళే షాఫ్టు కూడా అన్నే చుట్లు తిరుగుతుంది. దాని తర్వాత ఇంకో గేరు లేదు. 80 మీద వెళ్తుంటే పచ్చడి మిక్సీని మూడో నంబరులో పెట్టి మర్చిపోయినట్టుంటుంది. ఇది ఇంజను తప్పు కాదు. అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన బండి, 1950లలో గీసిన బొమ్మ. అప్పటి మన రోడ్లలో అరవై దాటితే గొప్ప. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద మూడు వందల కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తాలని దానికెవరూ చెప్పలేదు.

అత్తయ్య చెవులకు మిషన్లు పెట్టుకుని నాలుగేళ్ళయింది. మాటనైనా మోతనైనా ఆ మిషను పెంచే వినిపిస్తుంది. అందుకని హైవే ఎక్కగానే ఆవిడ రెండు మిషన్లూ తీసి, చిన్న డబ్బాలో పెట్టి, డబ్బాని బొడ్లో దోపుకుని కళ్ళు మూసుకునేవారు. ఇక ఆరు గంటలు ఆవిడ మాతో ఉన్నా లేనట్టే. పిల్లలు ఏదో జోకేసుకుని నవ్వితే ఆవిడా చిన్నగా నవ్వేవారు, విషయం ఏమిటో తెలియకుండానే. అది చూసినప్పుడల్లా నాకు గొంతులో ఏదో అడ్డం పడేది. ముందు సీట్లో కూర్చున్న మగవాళ్ళకి మాత్రం ఆ మోత "అంబాసిడర్ సంగీతం".

మావారు ఈ మధ్య రాత్రిళ్ళు పాత కార్ల వీడియోలు చూడటం మరిగారు. ఇంగ్లండులో ఎంజీబీ అని ఒక చిన్న కారుందిట. దాని ఇంజనూ మన అంబాసిడర్ పాత ఇంజనూ ఒకే కుటుంబం, బి సిరీస్ అంటారు. అక్కడివాళ్ళు ఆ ఎంజీబీలకీ మోరిస్ మైనర్లకీ ఫోర్డువాళ్ళ ఐదు గేర్ల డబ్బా, టైప్ 9 అనేది, బిగించుకుని హాయిగా హైవేల మీద తిరుగుతున్నారు. మనకి అంత దూరం పోనక్కర్లేదు. తొంభైల్లో కంపెనీయే అంబాసిడర్‌కి ఇసుజు ఇంజనూ ఐదు గేర్లూ పెట్టి అమ్మింది. ఆ డబ్బాలు పాత సామాన్ల దుకాణాల్లో ఇంకా దొరుకుతాయి.

ఐదో గేరు చేసేది చిన్న పనే. నాలుగో గేరులో ఒక వేగం దగ్గర ఇంజను నిమిషానికి 3500 చుట్లు తిరుగుతోందనుకోండి. ఐదో గేరు నిష్పత్తి 0.8 అయితే అదే వేగానికి 2800 చాలు. ఏడు వందల చుట్లు తగ్గుతాయి. "ఆ ఏడు వందల మోతే అమ్మ చెవిలోంచి పోతుంది" అన్నారు మావారు. ఈయన పెళ్ళయ్యాక చెప్పిన మంచి మాటల్లో ఇదొకటి.

బెంగళూరులో ఉన్న మా మరిది ఒప్పుకోలేదు. "వదినా, నాన్న చెయ్యి పడి అరిగిన గేరు రాడ్డు అది. తీసేస్తే అది నాన్న బండెలా అవుతుంది? ఇంకొన్నేళ్ళాగితే యాభై ఏళ్ళు నిండుతాయి, వింటేజ్ అవుతుంది. మీరు చెడగొట్టకండి" అన్నాడు. అతని బాధ నాకు అర్థం కాక కాదు. స్టీరింగ్ పక్కన ఉండే ఆ రాడ్డు పట్టుకుని మామయ్యగారు వాడికి బండి నేర్పారు. కానీ 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు చదివి చూశాను. యాభై ఏళ్ళు నిండి, అసలు రూపంలోనే ఉన్న బండికి ఆ గుర్తింపు ఇస్తారు. అది తీసుకున్నాక బండిని ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్ళొచ్చు గానీ మామూలుగా రోజూ రోడ్డు మీద వాడకూడదు. అంటే అత్తయ్యని ఎక్కించుకుని ఊరికి వెళ్ళడానికి లేదన్నమాట. అంత గౌరవం మా బండికి అక్కర్లేదనిపించింది.

నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాను. పాత బండి మీద ఎవరి మాట చెల్లాలి? నడిపేవాడిదా, దూరం నుంచి ఫోటో చూసి మురిసేవాడిదా? ఎక్కువ గంటలు అందులో కూర్చునేది ఎవరో వాళ్ళది. మన ఇళ్ళల్లో కారు సంగతులు మగవాళ్ళ మధ్యే తేలిపోతాయి. రంగు మాత్రం మనల్ని అడుగుతారు. వెనక సీట్లో కూర్చునే ముసలావిణ్ణి అడిగిన ఇల్లు నేను చూడలేదు. మేమూ అడగలేదు, అన్నదమ్ములు నెల రోజులు పోట్లాడుకున్నాక గానీ. అడిగితే ఆవిడ "మీ నాన్న కూడా ఆ బండికి సీటు కవర్లు మార్చారు, హారన్ మార్చారు, దానికేం పాపం రాలేదుగా" అన్నారు.

అయితే మార్పంతా లాభమే అని చెప్తే అబద్ధం. పాత రాడ్డు స్టీరింగ్ పక్కన ఉండేది కాబట్టి ముందు సీటు బల్లలా ఒకటే, ముగ్గురం కూర్చునేవాళ్ళం. కొత్త గేరు రాడ్డు నేలలోంచి వస్తుంది. మధ్య చోటు పోయింది. కొత్త కోడలిగా నేను కూర్చున్న చోటు, తర్వాత నా కూతురు పదేళ్ళు వచ్చేదాకా కూర్చున్న చోటు అదే. నిజానికి అక్కడ బెల్టు లేదు, ఏ పిల్లనీ కూర్చోబెట్టకూడని చోటది. తెలిసినా మనసు చివుక్కుమంది.

నేనూ ఒక షరతు పెట్టాను. ముందు బ్రేకులు, తర్వాతే గేర్లు. మా బండికి నాలుగు చక్రాలకీ పాతకాలపు డ్రమ్ము బ్రేకులే. ఇంజను చప్పుడు తగ్గితే వేగం తెలియదు, కాలు దానంతటదే ఇంకాస్త కిందికి పోతుంది. తాపీగా వెళ్ళడానికి పెట్టించుకున్న గేరు తొందరగా వెళ్ళడానికి వాడితే ప్రాణం మీదికి వస్తుంది. తర్వాతి మోడళ్ళకి వచ్చిన డిస్క్ బ్రేకులు ముందు చక్రాలకి వేయించాం, వెనక సీటుకి కూడా బెల్టులు పెట్టించాం. ఇంజను మార్చనివ్వలేదు. రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలు మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు పాతవే ఉన్నాయి. అయినా ఆర్టీవో ఆఫీసులో అడిగాం, ఇన్సూరెన్సు వాళ్ళకీ చెప్పాం.

పని సుఖంగా జరగలేదు. మొదట ఇచ్చిన గ్యారేజీవాళ్ళు నేల అవసరానికి మించి కోసేశారు, రెండు నెలలు అట్టే పెట్టి ఆయిలు కారుతున్న బండి అప్పగించారు. చివరికి మామయ్యగారి కాలం నుంచి తెలిసిన మెకానిక్ భాయ్ చేతిలో పడ్డాక తేలింది. ఇసుజు డబ్బా పాత ఇంజనుకి సూటిగా కూర్చోదు. మధ్యలో ఒక ప్లేటు లేతు మీద చేయించాలి, క్లచ్చు కుదర్చాలి, షాఫ్టు పొడవు సరిచేయాలి, స్పీడు చూపించే తీగ కూడా మార్చాలి. బ్రేకులతో కలిపి లక్ష దాటింది. ఆ డబ్బుతో నా వంటిల్లు బాగుచేయించుకునేదాన్ని, అదీ రాసి పెట్టుకోండి.

పాత గేర్ బాక్సూ రాడ్డూ పారేయలేదు. నా పాత నేత చీరలో చుట్టి ఊళ్ళో ధాన్యం కొట్లో పెట్టాం. ఎప్పుడైనా మా మరిది పిల్లలకి కావాలనిపిస్తే మళ్ళీ బిగించుకోవచ్చు. అది విన్నాక అతను కొంచెం మెత్తబడ్డాడు, ఫోన్ చేసి "ఎలా నడుస్తోంది వదినా" అని అడిగాడు.

ఎలా నడుస్తోందంటే, దసరాకి వెళ్ళాం. ఏసీ లేదు కాబట్టి కిటికీల్లోంచి గాలి హోరు ఎప్పటిలాగే ఉంది. లారీని దాటాలంటే ఐదోది లాగదు, నాలుగుకి రావాలి. కానీ చిట్యాల దాటి 75 దగ్గర మావారు ఐదో గేరు వేయగానే ఇంజను గొంతు తగ్గింది, జ్వరం దిగినట్టు. సూర్యాపేటలో టీ తాగి ఎక్కాక అత్తయ్య వైపు కిటికీ ముప్పాతిక పైకెత్తాను. డబ్బా తీయండి అని సైగ చేశాను. అనుమానంగా ఒక మిషను పెట్టుకున్నారు. రెండు నిమిషాలకి రెండోది.

ఇక చూడండి. మామయ్యగారు ఈ బండి బుక్ చేసి దాని కోసం ఎదురుచూసిన కథ, బండి ఇంటికొచ్చిన రోజు మా మరిదికి అమ్మోరు పోసి ఉండటం, కొబ్బరికాయ కొట్టడానికి ఆవిడొక్కరే వీధిలోకి రావడం. మావారే ఎప్పుడూ వినని సంగతులు. కోదాడ దాటింది, ఆగలేదు. నందిగామ దగ్గర మావారు కాస్త పాటలు పెడదామా అన్నారు. అత్తయ్య వినిపించుకోలేదు. మిషన్లు రెండూ చెవుల్లోనే ఉన్నాయి.