టిక్‌టిక్‌మనే ఇంజను: ముందు రోగం, తర్వాతే మందు

క్లైడ్ నార్త్‌లో కారు లేకుండా సంసారం సాగదు. రైలు క్రాన్‌బోర్న్ దగ్గరే ఆగిపోతుంది. బెర్విక్ స్టేషనుకు పోవాలన్నా ముందు క్లైడ్ రోడ్డు ఎక్కాలి. అంచేత కొత్తగా వచ్చినవారు, చదువుకొనే పిల్లలు, రెండో బండి అవసరమైన ఇళ్ళవారు ఏ పాత కామ్రీనో, కమొడోర్‌నో కొంటూంటారు. ఆల్టోనాలో కామ్రీల తయారీ 2017 అక్టోబరు 3న, ఎలిజబెత్‌లో కమొడోర్ల తయారీ అదే నెల 20న ఆగిపోయాయి. కనుక ఇక్కడ పుట్టిన కామ్రీ గాని, కమొడోర్ గాని ఇప్పటికి వయసు మళ్ళినదే. వయసుతో పాటు చప్పుళ్ళూ వస్తాయి. గుండె దడ గురించి అడిగే మిత్రులు కూడా ఈమధ్య చివర్లో, “డాక్టరుగారూ, బానెట్ కింద టిక్‌టిక్‌మంటోందండీ” అంటున్నారు. అందుకని ఈ నెల శీర్షికను ఆ చప్పుడుకే కేటాయించాము.

మేము మెకానిక్కులము కాము. అయినా చప్పుడు విని లోపల ఏముందో పోల్చుకోవడం మా వృత్తిలోనూ ఉన్నదే. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండెకు ఆనించి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. మెకానిక్కుల స్టెతస్కోపుకు చివర బిళ్ళకు బదులు ఇనప పుల్ల ఉంటుంది, అంతే తేడా. అయితే ఏ స్టెతస్కోపుకైనా ముందు ప్రశ్నలుండాలి. చప్పుడు ఎలా ఉందో అందరూ నోటితో చేసి చూపిస్తారు. ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు తగ్గుతోంది అన్నది చెప్పేవారు తక్కువ. రోగాన్ని పట్టిచ్చేది అదే.

మొదట చూడవలసింది ఆయిలు. దీనికి డబ్బు ఖర్చు లేదు. బండిని చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, కొన్ని నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీయండి. గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దింపి తీసి చూడండి. మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. తక్కువైతే బండి పుస్తకంలో చెప్పిన రకం ఆయిలే కొద్దికొద్దిగా పోయండి. పై గీత దాటించకండి, ఎక్కువైనా నురగ కట్టి చెరుపే చేస్తుంది. ఎర్ర దీపం వెలగలేదు గనుక ఆయిలు సరిపోయిందని అనుకొనేవారున్నారు. ఆ దీపం మట్టాన్ని చెప్పేది కాదు, ఒత్తిడి పడిపోయిందని చెప్పేది. అది వెలిగిందంటే పక్కకు తీసి ఇంజను ఆపవలసిందే. ఇల్లు ఇంకా రెండు కిలోమీటర్లేగదా అనుకోకూడదు.

ఆయిలు సరిగానే ఉందనుకుందాము. పొద్దున్నే చల్లటి ఇంజను తిప్పగానే కొద్ది సెకన్లు టిక్‌టిక్‌మని ఆగిపోతే, అది సాధారణంగా మన ఊళ్ళో మెకానిక్కులు ‘ట్యాపెట్ సౌండు’ అనేదే. చాలా ఇంజన్లలో వాల్వుల మీది లిఫ్టర్లు ఆయిలు ఒత్తిడితో నిండి పనిచేస్తాయి. రాత్రంతా నిలిపి ఉంచితే ఆయిలు కిందికి జారుతుంది, మళ్ళీ నిండేదాకా చప్పుడు చేస్తాయి. ఇంజను నిమిషానికి 700 చుట్లు తిరుగుతూంటే క్యామ్ షాఫ్టు దానిలో సగం, అంటే 350 చుట్లు తిరుగుతుంది. ఒక్క ట్యాపెట్ వదులైతే సెకనుకు ఆరు టిక్కులన్నమాట. నాడిలాగా వేలు పెట్టి లెక్కించలేము గాని, ఆక్సిలరేటరు నొక్కినకొద్దీ వేగం పెరగడం తెలుస్తుంది. వేడెక్కాక కూడా ఆగకపోతే ఆయిలు మార్చి ఎన్నాళ్ళయిందో చూసుకోవాలి, ఆయిలు ఒత్తిడి కొలిపించాలి.

కొన్ని కొత్తరకం పెట్రోలు ఇంజన్లలో ఇంజెక్టర్లు ఎప్పుడూ సన్నగా టిక్‌టిక్‌మంటాయి. అది వాటి సహజ గుణం, జబ్బు కాదు. బండి కొన్న నాటి నుంచీ మారకుండా ఉన్న చప్పుడుకు భయపడనక్కరలేదు.

వైద్యులుగా మాకు ఎక్కువ భయం కలిగించే టిక్కు వేరే ఉంది. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా వినిపించి, బండి లాగేటప్పుడు హెచ్చి, వేడెక్కాక తగ్గేది. పొగ గొట్టం ఇంజనుతో కలిసేచోట గ్యాస్కెట్ పోతే ఇలాగే ఉంటుంది. ఇనుము వేడికి వ్యాకోచించి సందు మూసుకుంటుంది గనుక, దానంతటదే నయమైందని భ్రమపడతాము. ఆ సందులోంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజను కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కారెక్కిన కాసేపటికి తలనొప్పి, వికారం, మగత వచ్చి, దిగాక తగ్గుతూంటే బండిని అనుమానించండి. వెనక సీట్లోని పసిబిడ్డ తలనొప్పి అని చెప్పలేదు.

మరొక్క మాట. మన ఇళ్ళకు గరాజులు ఆనుకొనే ఉంటాయి. చలిగా ఉందని గరాజు తలుపు మూసి ఇంజను తిప్పి చప్పుడు వినడం ప్రాణాంతకం. బండిని బయటికి తీసే వినండి. వంగి చూసేటప్పుడు చీర చెంగు, చున్నీ, విడిచిన జుట్టు బెల్టుల దగ్గరికి పోనివ్వకండి.

ఇక టిక్‌టిక్ కాకుండా లోతుగా ఠక్‌ఠక్‌మని, బరువు పడినప్పుడు హెచ్చేది కనెక్టింగ్ రాడ్డు బేరింగు కొట్టుకోవడం కావచ్చు. అలాంటి బండిని షెడ్డుకు నడిపి తీసుకుపోకూడదు, లాగించుకొనే పోవాలి. లేకపోతే బేరింగుతో పోయేది ఇంజను దాకా వస్తుంది.

పాత బండి కొనేవారికి ఇంకో సంగతి. విక్టోరియాలో సొంత కార్లకు ఏటేటా తనిఖీ లేదు. సాధారణంగా అమ్మేటప్పుడే రోడ్‌వర్తీ సర్టిఫికెట్ అడుగుతారు. అది బ్రేకులు, టైర్లు, స్టీరింగు, దీపాలు వంటి భద్రత విషయాలకు మాత్రమే. ఇంజను ఆరోగ్యానికి పూచీ కాదు. లైసెన్సున్న డీలరు ఇవ్వవలసిన చట్టబద్ధమైన వారంటీ కూడా పదేళ్ళ లోపు, 1,60,000 కిలోమీటర్ల లోపు బండ్లకే. కనుక బేరం కుదిరేముందు ఇంజను చల్లగా ఉండగా మీ ఎదుటే తిప్పించి వినండి. అమ్మేవారు ముందే వేడిచేసి పెట్టారంటే ఇంకోరోజు వస్తామనండి.

పక్కింటాయనకు పనిచేసిందని చప్పుడు తగ్గించే సీసా ఆయిలు పోయడం, ఆయన బి.పి. మాత్ర మీరు మింగడం వంటిదే. దానికి బదులు కాగితం మీద నాలుగు ముక్కలు రాయండి: చల్లగానా వేడిగానా, ఆగి ఉండగానా లాగేటప్పుడా, ఆయిలు మట్టం ఎంత, ఎన్నాళ్ళనుంచి. దాన్ని మెకానిక్కు చేతిలో పెట్టండి. కేసు షీటు చూశాక మంచి వైద్యుడు ఊరికే కత్తి పట్టడు. మంచి మెకానిక్కూ అంతే.