అతుకు వేసిన అమ్మవారు

పైకి ఎవరూ ఒప్పుకోరు గానీ, మన ఫీల్డులో అంతస్తులున్నాయండీ. పైన కొత్త డెవలప్‌మెంట్ వాళ్ళు, మధ్యలో ఎన్‌హాన్స్‌మెంట్ల వాళ్ళు, అడుగున సపోర్ట్ వాళ్ళు. "నన్ను మెయింటెనెన్సులో పడేశార్రా" అని ఏడ్చేవాళ్ళే గానీ, మెయింటెనెన్స్ దొరికిందని సంబరపడ్డవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు.

ఈ అంతస్తుల్ని తలకిందులు చేసిన గుడి ఒకటి చైనాలో ఉంది. హెబెయ్ ప్రావిన్సు, హాండాన్ ప్రాంతంలో కొండచరియను ఆనుకుని కట్టిన వాహువాంగ్ ఆలయ సముదాయం. ఆరో శతాబ్దంలో, ఉత్తర చీ రాజుల కాలంలో మొదలైంది. ఇప్పుడు కనిపించే కట్టడాలు ఎక్కువగా మింగ్, చింగ్ కాలాలవి. అక్కడి అమ్మవారి పేరు న్యూవా. ఆవిడ ఉత్సవాన్ని 2006లో చైనా జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చారు.

ఈవిడ గురించి రెండు కథలు ముఖ్యం. మొదటిది సృష్టి. పచ్చని మట్టితో మనుషుల్ని ఒక్కొక్కర్నే చేత్తో చేసిందట. అలిసిపోయాక తాడుని బురదలో ముంచి పైకి లాగితే, రాలిన ముద్దలన్నీ మనుషులయ్యాయట. (డెడ్‌లైన్ కష్టాలు దేవతలకీ తప్పలేదన్నమాట!)

రెండోది మరమ్మతు. ఆకాశాన్ని మోసే నాలుగు స్తంభాలూ విరిగాయి. ఆరని మంటలు, ఆగని వరదలు. అప్పుడావిడ "కొత్త ఆకాశం చేద్దాం" అనలేదు. అయిదు రంగుల రాళ్ళు కరిగించి ఆకాశానికి అతుకు వేసింది. పెద్ద తాబేలు కాళ్ళు నరికి స్తంభాలుగా నిలబెట్టింది. రెల్లుబూడిద పోసి వరదనాపింది.

ఇక ఆ గుళ్ళో ముఖ్యమైన మేడకి మూడంతస్తులు. మధ్య అంతస్తుకి సృష్టి పేరు పెట్టారు. అన్నిటికన్నా పై అంతస్తు పేరు "బుథియన్", అంటే ఆకాశానికి అతుకు వెయ్యడం. చైనా ప్రోగ్రామర్లు సాఫ్ట్‌వేర్ ప్యాచ్‌ని "బుడింగ్" అంటారు. అందులో ఉన్నదీ ఆ "బు" అనే అక్షరమే!

ఆ మేడని వెనకనుంచి ఇనుప గొలుసులతో కొండరాయికి కట్టారు. మామూలప్పుడు అవి వదులుగా వేలాడుతుంటాయి. జనం కిక్కిరిస్తే మేడ కాస్త ముందుకు వాలి, గొలుసులు బిగుసుకుంటాయంటారు. ఖాళీ రోజున చూసినవాడికి ఆ గొలుసులు దండగ ఖర్చులాగే కనిపిస్తాయి. సపోర్ట్ టీముని చూసి "వీళ్ళు ఊరికే కూర్చుంటున్నారు, సగం మందిని తీసేద్దాం" అనే మేనేజర్ చూపు అచ్చం అదే.

అతుకులతో ఎన్నాళ్ళు లాగుతాం, తిరగరాయడమే మేలంటారా? ఒక్కోసారి నిజమే. కానీ బ్యాంకు సిస్టమో, రైల్వే రిజర్వేషనో ఆపేసి తీరిగ్గా రాసుకుంటామంటే కుదరదు. ఆ ఆకాశం కింద జనం బతుకుతున్నారు. అంతెందుకు, మన తెలుగువాళ్ళలో ఎంతోమందికి అమెరికా దారి చూపించిన వైటూకే ఏమిటి? పాత కోడులో రెండంకెల సంవత్సరాలకి అతుకు వెయ్యడమే కదా!

కొత్తది కట్టినవాడికి అవార్డివ్వండి, కాదన్ను. అర్ధరాత్రి లేచి చిల్లు పూడ్చినవాడి అప్రైజల్‌లో మాత్రం "కొత్తగా ఏం చేశావు?" అని అడక్కండి. ఆ రాత్రి ఏమేం కూలిపోకుండా ఆపాడో అడగండి.

మీరేమంటారు?