యాభై దాటని ఇల్లు

"మా ఇంట్లో మగోళ్లు యాభై దాటరు సామీ." అనంతపురం పల్లెల్లో ఇలాంటి మాట బోరు ఎండిపోయిందన్నంత మామూలుగా చెప్పేస్తారు. కారణమూ సిద్ధంగా ఉంటుంది: ముత్తాత పుట్ట తవ్వించాడు, ఎవరి ఉసురో పోసుకున్నాడు, కులదేవర మొక్కు ఎగ్గొట్టాడు. శాంతికి, పొట్టేలుకు, తాయెత్తుకు వేలు ఖర్చవుతాయి. రక్తంలో కొలెస్టరాల్ లెక్క చెప్పే లిపిడ్ ప్రొఫైల్ పరీక్ష కొన్ని వందలతో అయిపోతుంది, దాన్ని మిగిలిన కొడుకులకు చేయించాలని మాత్రం తోచదు.

ఇలాంటి ఇళ్లు నార్వేలోనూ ఉన్నాయి. మడమ వెనక స్నాయువు మీద, చర్మం మీద పసుపుపచ్చ గడ్డలు, రక్తంలో అధిక కొలెస్టరాల్, చిన్న వయసులోనే గుండెజబ్బు: ఈ మూడూ కొన్ని వంశాల్లో కలిసి నడుస్తున్నాయని 1930ల చివర్లో కార్ల్ ముల్లర్ అనే వైద్యుడు గుర్తించాడు. దాని గుట్టు 1970ల్లో డాలస్‌లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు విప్పారు. 1985లో నోబెల్ అందుకున్నారు. కొలెస్టరాల్‌ను మోసుకు తిరిగే ఎల్‌డీఎల్ కణాలను రక్తంలోంచి లాక్కునే గ్రాహకాలు కాలేయం మీద ఉంటాయి. జన్యులోపం వల్ల అవి తగ్గితే ఎల్‌డీఎల్ పుట్టినప్పటి నుంచీ రక్తంలోనే తిరుగుతూ నాళాల గోడల్లో చేరుతుంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఆ లోపం వచ్చినవాళ్లు సుమారు మూడు వందల మందిలో ఒకరు. ఆ ముత్తాత నిజంగానే ఏదో ఇచ్చిపోయాడు, అది శాపం మాత్రం కాదు.

ఇక్కడ మేనరికం వచ్చి కూర్చుంటుంది. భూమి బయటికి పోదు, పిల్ల కళ్లముందే ఉంటుంది అంటారు. లెక్క చూడండి. మేనమామకు ఈ లోపం వంశంలోంచి వచ్చిందనుకుంటే అక్కకు ఉండే అవకాశం సగం, అక్క కూతురికి నాలుగో వంతు. బయటి సంబంధమైతే మూడు వందల్లో ఒకటి. ఇద్దరికీ ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ రెండువైపుల నుంచీ వచ్చే అవకాశం మళ్లీ నాలుగో వంతు. అలాంటి బిడ్డల్లో ఎల్‌డీఎల్ తరచుగా 500 దాటుతుంది, ఇరవై నిండకముందే గుండెపోటు రావచ్చు. "మా తాతదీ మేనరికమే, ఏమైంది?" అనేవాళ్లకు నిజంగానే ఏమీ కాకపోవచ్చు; ఆ జన్యులోపం వాళ్ల ఇంట్లో లేకపోయి ఉండొచ్చు, అంతే.

వంశంలో లేనివాళ్లకూ కొలెస్టరాల్ పెరుగుతుంది. కష్టజీవికి కొవ్వు పట్టదన్న ధీమా సన్నటి రైతును కూడా కాపాడదు. వింతేమిటంటే, చెనిక్కాయ పండించే ఈ జిల్లాలోనే చెనిక్కాయ తింటే కొలెస్టరాల్ అని భయం! ఏ గింజలోనూ లెక్కించదగ్గ కొలెస్టరాల్ ఉండదు. నూనె ప్యాకెట్ మీద 'కొలెస్టరాల్ లేదు' అని అచ్చేయడం నీళ్ల సీసా మీద 'ఎముకలు లేవు' అని రాయడం లాంటిదే. చూడాల్సింది సంతృప్త కొవ్వు. పామాయిల్‌లో అది దాదాపు సగం, చెనిక్కాయ నూనెలో అయిదో వంతుకు అటూఇటూ. కాయలు మార్కెట్ యార్డుకు పోతాయి, ఉగ్గాని పక్కన బజ్జీ పామాయిల్లో వేగుతుంది. శనివారం మాంసం మానేసి, ఓళిగల మీద నెయ్యి వరదలా పోసుకుంటే కాలేయం వారం చూడదు.

వేడినీళ్లు తాగితే కొవ్వు కరుగుతుందన్నది మరో నమ్మకం. ఎంత వేడిగా తాగినా ఒంట్లో దాదాపు 37 డిగ్రీలే. నాళం గోడలో చేరినది పేరుకున్న నెయ్యి కాదు. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకుంటే కాలేయం పోతుందని భయపడేవాళ్లే ఏ పసరైనా గుటకేస్తారు. ఆ మాత్రల మూలం జపాన్‌లో అకిరా ఎండో 1973లో ఒక బూజులో కనుక్కున్న పదార్థం. 4,444 మంది గుండె రోగులపై జరిపి 1994లో ఫలితాలు వెలువరించిన పరీక్షలో స్టాటిన్ మరణాలను 30 శాతం తగ్గించింది. కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, చక్కెర కాస్త పెరగొచ్చు. కాలేయానికి తీవ్రమైన హాని బహు అరుదు.

సత్యసాయిబాబా విభూతి మహిమలకు పేరుపడ్డ పుట్టపర్తిలోనే 1991లో పెద్ద ఆసుపత్రి తెరిచారు, గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు. 2011లో ఆయన చివరి రోజులు గడిచిందీ అక్కడే, వెంటిలేటర్ మీద. భక్తులు దీన్ని నమ్మకానికి అవమానంగా తీసుకోనక్కర్లేదు, ఆదర్శంగా తీసుకుంటే చాలు.

యాభై అయిదు లోపు మగవాడికి గుండెపోటు వస్తే తోబుట్టువులకూ పిల్లలకూ రక్తపరీక్ష చేయించాలి. పెద్దవాళ్లలో ఎల్‌డీఎల్ 190 దాటితే వంశపారంపర్యమేమోనని డాక్టరును అడగాలి. పోయినవాడి దివసం నాడు వీళ్లంతా ఒకే ఇంట్లో ఉంటారు. రక్తం తీసేవాళ్లను ఆ రోజే పిలిపించుకోవచ్చు. మొదటి పరీక్షకు పరగడుపు కూడా అక్కర్లేదు, భోజనాలయ్యాకైనా సరే.