బదిలీకి ముందు ఒక ఆపరేషన్

రైల్వే కాలనీలో కుక్కపిల్లను తెచ్చుకోవడం తేలికే. నాన్నగారికో అమ్మకో బదిలీ అయినప్పుడు దాన్ని ఏం చేయాలన్నదే కష్టం. సామాను లారీ ఎక్కుతుంది, క్వార్టరు తాళం అప్పగిస్తారు, కుక్క మాత్రం గేటు దగ్గరే మిగిలిపోతుంది. కొన్నాళ్ళకు దాన్ని అందరూ వీధికుక్క అంటారు. అది ఈనితే ఆ పిల్లలు పుట్టుకతోనే వీధికుక్కలు.

బదిలీల మీద బతికే మన కుటుంబాలు కుక్కనో పిల్లినో పెంచుకోవద్దని నేను అనను. పెంచుకుంటే మాత్రం దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాలి. వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళాలి. ఈ రెండూ మన బాధ్యతే అని నా అభిప్రాయం.

లెక్క చూడండి. ఆడకుక్క మామూలుగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. సుమారు 63 రోజులకు ఈనుతుంది. ఈతకు నాలుగైదు పిల్లలు వేసుకున్నా, అన్నిటికీ ఇళ్ళు ఎక్కడ దొరుకుతాయి? పిల్లి అయితే కూనలకు పాలిస్తూనే మళ్ళీ చూలు కట్టగలదు. దిక్కులేని పిల్లల్లో చాలావరకు ఆకలికో, జబ్బుకో, బండి చక్రాలకో పోతాయి.

పశువైద్యులు తరచుగా చేసే ఆపరేషన్ ఇదే. మత్తుమందు ఇచ్చి ఆడదానికి అండాశయాలు, సాధారణంగా వాటితో పాటు గర్భసంచి కూడా తీసేస్తారు. మగదానికి వృషణాలు తీస్తారు. ఇది ఇంకా చిన్న పని. ఏ వయసులో చేయించాలో, ముందు ఎన్ని గంటలు తిండి పెట్టకూడదో డాక్టరుగారే చెబుతారు. తర్వాత కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి కాలర్ కడతారు. గాయం మానడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అన్నాళ్ళూ స్నానం, గంతులు వద్దు. అందుకే సామాను కట్టే హడావిడిలో కాకుండా ముందే చేయించడం మంచిది.

“ఒక్కసారైనా తల్లి కావాలి కదా, పాపం” అంటారు పెద్దలు. ఆరోగ్యం కోసం ఒక ఈత అవసరమని వైద్యం చెప్పదు. పైగా చిన్న వయసులోనే ఆపరేషన్ చేయిస్తే రొమ్ము గడ్డలు వచ్చే అవకాశం తగ్గుతుంది. గర్భసంచికి చీము పట్టే ప్రాణాంతకమైన జబ్బు నుంచీ కాపాడుతుంది. “లావెక్కిపోతుంది” అన్నది మరో మాట. తిండి కాస్త తగ్గించి రోజూ తిప్పితే ఆ సమస్య రాదు. మగకుక్కకు చేయిస్తే ఆడకుక్కల కోసం తిరగడం కూడా చాలావరకు తగ్గుతుంది.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పెంపుడు జంతువుకు నులిపురుగుల మందు, టీకాలు, ఈ ఆపరేషన్ యజమాని బాధ్యత. వీధికుక్కల బాధ్యత స్థానిక సంస్థలది. హైదరాబాద్‌లో 1992లో మొదలైన బ్లూ క్రాస్ లాంటి సంస్థలు ఆ పనిలో సాయపడుతున్నాయి. చెవి కొసన చిన్న కత్తిరింపు ఉన్న వీధికుక్క కనిపిస్తే దానికి ఆపరేషన్ అయిందని గుర్తు. అయితే ఒకవైపు వాళ్ళు ఆపరేషన్లు చేస్తుంటే, మరోవైపు మనం ఇంటి కుక్కల్ని వదిలేస్తూ పోతే ఆ పనికి అంతు ఉండదు.

ఇక తీసుకెళ్ళడం. రైలు మన ఇంటిదే కదా! ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మన పేర దొరికితే కుక్క మనతోనే రావచ్చు. లేదంటే బ్రేక్ వ్యాన్‌లో కుక్కల పెట్టె ఉంటుంది. ముందుగా పార్సిల్ ఆఫీసులో అడిగి, టీకాల కార్డు, పశువైద్యుడి సర్టిఫికెట్ సిద్ధం చేసుకోవాలి. ఏ దారీ కుదరకపోతే ఇక్కడే ఒక మంచి ఇల్లు వెతికి అప్పగించాలి. ఆపరేషన్, టీకాలు అయిన కుక్కను తీసుకోవడానికి పొరుగువాళ్ళు కూడా అంతగా వెనకాడరు.

బదిలీ అయితే మనకు కొత్త స్కూల్లో సీటు దొరుకుతుంది, కొత్త స్నేహితులు దొరుకుతారు. క్వార్టరు గేటు దగ్గర మిగిలిన కుక్కకు ఏమీ దొరకదు. కాబట్టి ఈ ఆదివారమే ఇంట్లో ఈ మాట ఎత్తండి. బదిలీ ఉత్తర్వు వచ్చేదాకా ఆగకండి.